కదిలితేనే మనిషి

నగరిలో కరెంటు పోతే కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. పట్టపగలైనా సరే. ఊళ్లో గానీ పక్కనున్న ఏకాంబరకుప్పంలో గానీ మరమగ్గం చప్పుడు వినబడని వీధిని వెతుక్కోవాలి. ఆ టకటకకు అలవాటు పడిన చెవులు దాన్ని చప్పుడని లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాయి. అది ఒక్కసారిగా ఆగిపోయిందంటే మనుషుల గొంతులు మాత్రం మిగిలిపోతాయి. మగ్గాల మీదుగా కేకలేసి మాట్లాడుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి, ఆ నిమిషంలో ఎవరింటి గుట్టయినా వీధికంతా వినబడుతుంది. ఉయ్యాల్లో పడుకున్న పిల్లలు చప్పుడుకు లేవరు, ఆగితే లేస్తారు.

పోవడం అట్లా ఉంటే, రావడం ఇంకోరకం. రాత్రి కరెంటు పోయినప్పుడు ఏ స్విచ్చి వేసి ఉందో, ఏది ఆపి ఉందో ఎవరికీ గుర్తుండదు. ఒకరొచ్చి నొక్కుతారు, వెలగదు, వదిలేసి పోతారు. ఇంకొకరొచ్చి అదే స్విచ్చిని మళ్లీ నొక్కుతారు. నడిజామున కరెంటొస్తే వంటింట్లో, స్నానాల గదిలో, మిద్దె మెట్ల మీద, మనిషన్నవాడు లేని ప్రతి చోటా దీపాలు వెలిగి కూర్చుంటాయి. చెయ్యి పడకుండా వెలిగే దీపం మా తరానికి కొత్త గాదని చెప్పడానికే ఇదంతా.

రైతుకైతే ఇది మరీ పాత సంగతి. 2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టినాక బోరు మోటార్లకు బిల్లు బాధ తప్పింది గానీ, వేళల బాధ చాలా ఏళ్లు తప్పలేదు. పొలానికి కరెంటు ఏ రాత్రి రెండింటికో వచ్చేది. టార్చిలైటు పట్టుకొని చెరుకుతోట గట్టు మీద నడిచిపోయి స్టార్టరు నొక్కి రావాలి. దానికి విరుగుడుగా రైతులు పెట్టుకున్నదే ఆటో స్టార్టరు. కరెంటు రావడం ఆలస్యం, మోటారు దానంతటదే లేస్తుంది, రైతు ఇంట్లో పడుకునే ఉంటాడు. విద్యుత్ సంస్థలకు మాత్రం అది పెద్ద తలనొప్పి. మోటారు లేచేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్నవన్నీ ఒకే క్షణాన లేస్తే అది తట్టుకోలేదు, కాలిపోతుంది. పీకెయ్యమని వచ్చినవాళ్లకు రైతులు తలూపేవాళ్లు, వాళ్ల బండి మలుపు తిరగ్గానే మళ్లీ తగిలించేవాళ్లు. చెయ్యి పడకుండా దానంతటదే లేచే ఈ ఏర్పాటుకు ఇప్పుడు పట్నంలో పెద్ద పెద్ద పేర్లున్నాయి. ఆ రైతునడిగితే ఒకటే అనేవాడు: "రేత్రిపూట ఆ గట్టుమింద నడిచే పని లేకుండా పోయె."

మనిషి కదిలితే దీపం వెలిగించే సెన్సారు మా ఇంటికి మా మేనల్లుడి చేతుల మీదుగా వచ్చింది. చెన్నైలో ఉద్యోగం. సంక్రాంతికి వస్తూ చొక్కాలూ స్వీట్లూ తేవాల్సిన సంచిలో ఇవి తెచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయే తెల్ల డబ్బీ, ముందు పాలరంగు బుడిపె, లోపల గుండ్రటి బిళ్ల బ్యాటరీ, వెనక అంటించడానికి టేపు. వైరు లేదు. మెట్ల కాడ ఒకటి, పెరట్లోకి పోయే వసారాలో ఒకటి, ముందు గదిలో ఒకటి గోడకు అద్దేసి, బల్బులు మార్చేసి, "ఇంక స్విచ్చితో పని లేదు మామా" అన్నాడు.

మా అమ్మ కాసేపు దాని వైపు చూసి, "వైరు లేకుండా లైటుకు ఎట్ల చెప్తుందిరా అది?" అంది.

"రేడియోలో వచ్చినట్టే అవ్వా. గాలిలోనే."

వాడు చెప్పింది నిజమే, కాకపోతే కొంచెం తక్కువ చెప్పాడు. ఆ డబ్బీ నేరుగా బల్బుతో మాట్లాడదు. మనిషి కదిలాడని తెలియగానే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం మీద చిన్న కబురు పంపుతుంది. నెట్టు పెట్టె పక్కన తగిలించిన ఇంకో పెట్టె దాన్ని అందుకొని బల్బుకు ఆజ్ఞ ఇస్తుంది. జిగ్బీ అనే ఈ పద్ధతికి 2004లో ప్రమాణాలు రాసుకున్నారు. తక్కువ కబుర్లు, తక్కువ ఖర్చు అన్నది దాని సూత్రం. డబ్బీ రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది, ఎవరైనా కదిలితేనే లేచి ఒక మాట చెప్పి మళ్లీ పడుకుంటుంది. అంత చిన్న బ్యాటరీ ఏడాదీ రెండేళ్లూ రావడం అందుకే.

గొడవ గోడ మీది స్విచ్చి దగ్గర మొదలైంది. ఇట్లాంటి బల్బుకు కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి, అప్పుడే అది గాలిలో వచ్చే కబురు వింటుంది. మా అమ్మ రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి ప్రతి స్విచ్చినీ చేత్తో తడిమి ఆపి వస్తుంది. యాభై అరవై ఏళ్ల అలవాటు. ఆమె చెయ్యి పడ్డాక బల్బు చెవిటిదవుతుంది, సెన్సారు ఎంత మొత్తుకున్నా వినదు. మేనల్లుడు స్విచ్చిల మీద టేపు అంటించాడు. తెల్లారేసరికి టేపు లేదు. "స్విచ్చికి ప్లాస్టరేస్తారా ఎవురైనా? దానికేమన్నా దెబ్బ తగిలిందా?" అంది అమ్మ.

బల్బును వదిలేసి, స్విచ్చి వెనకే ఒక చిన్న పరికరం దాచిపెడితే ఎవరి చెయ్యి పడినా ఇబ్బంది లేదని ఎలక్ట్రీషియన్ని పిలిపించాం. ఆయన బోర్డు విప్పి టెస్టరు పెట్టి చూసి, "న్యూట్రలు లేదు సార్" అన్నాడు. మన ఇళ్లలో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. పైనుంచి ఫేజు వైరు స్విచ్చిలోకి దిగి మళ్లీ బల్బుకు ఎక్కుతుంది. న్యూట్రలు నేరుగా బల్బుకే పోతుంది, లైటు బోర్డులోకి దిగదు. స్విచ్చి ఆపినా ఆ పరికరం మేలుకొని ఉండాలంటే దానికి న్యూట్రలు కావాలి. అదొక్కటీ దించాలంటే గోడ కొట్టాలి. వైరు లేనిదని సంబరపడి తెచ్చుకున్న వస్తువు చివరికి ఒక వైరు కాడే వచ్చి నిలబడింది.

కరెంటు పోయినప్పుడైతే ఇంకా చోద్యం. సెన్సారుకు సొంత బ్యాటరీ ఉంది కాబట్టి బతికే ఉంటుంది. పెట్టె ఆరిపోయి ఉంటుంది, బల్బూ అంతే. చీకట్లో మనిషి నడిస్తే అది బుద్ధిగా కబురు పంపుతూనే ఉంటుంది, అందుకునేవాళ్లు ఉండరు. తర్వాత ఆ పెట్టెనూ మెట్ల బల్బునూ ఇన్వర్టరు లైనులోకి మార్పించాం.

ఇంతకీ ఆ పాలరంగు బుడిపె చూసేదేమిటి? కెమెరా కాదు, బొమ్మ తీయదు. మన ఒంటి నుంచి వచ్చే వేడిని చూస్తుంది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని గాజు పట్టకంతో రంగులుగా విడదీసి ఒక్కో రంగు దగ్గరా థర్మామీటరు పెట్టి చూస్తూ, ఎరుపు అవతల, కంటికి ఏమీ కనబడని చోట ఎక్కువ వేడి ఉందని పట్టుకున్నాడు. పరారుణ కిరణాలన్నది వాటినే. ప్రతి మనిషీ ఆ కిరణాలను విడుస్తూనే ఉంటాడు, ముఖ్యంగా 9, 10 మైక్రోమీటర్ల తరంగాల దగ్గర. వాటిని పట్టే పదార్థం కథ మనకు ఇంకా దగ్గరిది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో డచ్చి వర్తకులు సింహళం నుంచి టూర్మలిన్ అనే రాయి తీసుకుపోయారు. వేడి చేస్తే అది పొయ్యిలోని బూడిదను తన మీదికి లాక్కునేది. వేడి మారినప్పుడు కొన్ని స్ఫటికాల్లో విద్యుత్తు పుడుతుందన్న ఆ గుణానికి 1824లో డేవిడ్ బ్రూస్టర్ పేరు పెట్టాడు. ఇప్పుడు మా మెట్ల కాడ గోడకు కరుచుకొని ఉన్నది ఆ గుణమే, రాయి మాత్రం వేరు.

అందులో అసలు తెలివి ఒకటుంది. ఆ స్ఫటికపు ముక్కలు రెండుంటాయి, ఒకదానికి ఒకటి ఎదురుగా కలిపి ఉంటాయి. గది మొత్తం వేడెక్కితే రెండూ ఒకేలా వేడెక్కుతాయి, ఒకటి కూడితే ఇంకోటి తీసేస్తుంది, లెక్క సున్నా. మనిషి అడ్డంగా నడిస్తే ముందు ఒక ముక్క మీద వేడి పడుతుంది, తర్వాత రెండోదాని మీద. అప్పుడు తేడా పుడుతుంది. సెన్సారుకు కావలసింది ఆ తేడా ఒక్కటే. నేరుగా ఎదురుగా నడిచి వచ్చేవాణ్ణి అది ఆలస్యంగా గుర్తిస్తుంది, పక్కగా దాటిపోయేవాణ్ణి చటుక్కున పట్టేస్తుంది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మకూ దీనికీ తేడా లేదు: ఇంటికి వచ్చేవాళ్లు పట్టరు, వీధిలో పోయేవాళ్లందరూ కావాలి. అందుకే మెట్ల కాడ పైమెట్టు ఎదురుగా పెట్టిందాన్ని పీకి పక్క గోడకు మార్చాం.

ఆ పాలరంగు బుడిపె గురించి ఒక మాట. దాన్ని వేలితో తడిమితే లోపలివైపు చిన్న చిన్న గళ్లు తగులుతాయి. ఒక్కో గడీ ఒక కటకం, గది అంతటి నుంచీ వేడిని పోగుచేసి ఆ రెండు ముక్కల మీద వేస్తుంది. మందపాటి గాజును పలచటి మెట్లుగా కోసే ఈ ఉపాయం ఫ్రాన్సులో ఓగుస్తేన్ ఫ్రెనెల్ లైట్‌హౌసుల కోసం కనిపెట్టాడు. 1823లో కోర్డువాన్ లైట్‌హౌసులో మొదటిసారి వెలిగించారు. అక్కడ దీపపు వెలుగును సముద్రం మీదికి విసరడానికి, ఇక్కడ గది వేడిని లోపలికి పోగుచెయ్యడానికి. మా ఊరికీ ఓడలకూ ఒక సంబంధం ఉంది కాబట్టి ఇది నాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది. నగరి కొండల్లో ముక్కులాగా పొడుచుకొచ్చిన శిఖరాన్ని చూసుకొని కోరమండల్ తీరం వెంట పోయే నావికులు తామెక్కడున్నారో గుర్తుపట్టేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'నగరి నోస్' అనే రాసుకున్నారు. అంత లోపలి కొండ వాళ్లకు ఎందుకు పనికొచ్చిందంటే, తీరమంతా చదును. చదునులో ఒక్కటే ఎత్తు. అక్కడా పని చేసింది తేడాయే.

ఇక మే నెల సంగతి. ఇది చెన్నైలో ఏసీ గదిలో కూర్చొని ఈ డబ్బీలు కొనేవాళ్లకు తోచదు. మనిషి చర్మం వేడి దాదాపు 33, 34 డిగ్రీలు. చలికాలంలో మా గోడలు 22, 23 దగ్గర ఉంటే మనిషి ఆ చల్లదనంలో వెలిగిపోతూ కనబడతాడు. మేలో పగలు 40 దాటుతుంది. మిద్దె స్లాబు పొద్దంతా ఎండను తాగి, పొద్దు గూకినాక దాన్ని మెల్లగా కక్కడం మొదలుపెడుతుంది. సాయంత్రం ఏడు గంటలప్పుడు మా మెట్ల పక్క గోడ మీద చెయ్యి పెడితే ఒంటి వేడే తగులుతుంది. గోడా మనిషీ ఒకే వేడిలో ఉంటే తేడా ఎక్కడిది? మెట్ల మీద ఎంత దబదబా నడిచినా దీపం వెలగదు. చెయ్యి ఊపినా పలకదు. రాత్రి పది దాటి, స్లాబు కొంచెం చల్లబడ్డాక దానికి మళ్లీ చూపొస్తుంది. మంచి రకాల్లో వేడిని బట్టి సున్నితత్వాన్ని పెంచుకునే ఏర్పాటు ఉంటుంది, కానీ లేని తేడాను అదీ పుట్టించలేదు. చలిదేశాల్లో ఏడాది పొడుగునా బాగా పనిచేసే వస్తువు మా దగ్గరికి వచ్చేసరికి, దీపం పెట్టే వేళకే గుడ్డిదవుతోంది. డబ్బీ వచ్చిన అట్టపెట్టె మీద ఆ ముక్క ఒక్క లైనులో రాసి ఉంటే బాగుండేది.

వేడి లేని రోజుల్లో ఇంకో చిక్కు. ముందు గదిలో మా అమ్మ సాయంత్రంపూట మల్లెపూలు కడుతుంది. వేళ్లు తప్ప ఏదీ కదలదు. నిమిషం, రెండు నిమిషాలు. దీపం టప్పున ఆరిపోతుంది. చెయ్యెత్తితే మళ్లీ వెలుగుతుంది.

"నేనుండాను గదరా ఈడ. కనబళ్లేదా దానికి?" అని ఫోనులో మనవణ్ణి అడిగింది.

"కదల్లేదు గదా అవ్వా నువ్వు."

"కూచున్నోళ్లు మనుషులు గారా?"

వాడి దగ్గర దానికి జవాబు లేదు, టైమరును పది నిమిషాలకు పెంచుకోమని మాత్రం చెప్పాడు. పెంచితే ఎవరూ లేని గదిలో దీపం పది నిమిషాలు వెలుగుతుంది. తగ్గిస్తే పూలు కట్టే మనిషి చీకట్లో కూర్చుంటుంది. ఈ రెంటికీ మధ్య సరైన నిమిషం ఒకటుంటుందని నేను నమ్మను. మనిషి లేడన్నదీ, ఉండి ఊరకే ఉన్నాడన్నదీ ఆ డబ్బీకి ఒకటే. ముందు గదిలోంచి దాన్ని తీసేసి పాత స్విచ్చినే వాడుకుంటున్నాం, ఎవరికీ బాధ లేదు.

అయినా, కరెంటు ఆదా అవుతుంది గదా అంటారు అమ్మేవాళ్లు. లెక్క వేద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు పది గంటలు ఊరకే వెలిగిందనుకోండి. నెలకు 2.7 యూనిట్లు. మన రాష్ట్రంలో 2022 నుంచి ఉన్న శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్టుకు 6 రూపాయలు. అంటే నెలంతా మరిచిపోయి వెలిగించినా 16 రూపాయల చిల్లర. ఒక టీ, ఒక వడ. వందలు పోసి కొన్న డబ్బీ ఈ 16 రూపాయల్లోంచి తన ఖరీదును ఎప్పటికి రాబట్టుకుంటుంది? ఆ పక్కపెట్టె రాత్రింబవళ్లు తాగే కరెంటు, గాలిలో కబురు కోసం చెవులు రిక్కించుకొని కూర్చున్న బల్బు తాగే అరవాట్టూ కూడా ఇందులోంచే పోవాలి. పాత 60 వాట్ల బుడ్డి బల్బుల కాలంలో అయితే అదే మరుపుకు 18 యూనిట్లు, వంద రూపాయల పైన. అప్పుడు ఈ సెన్సారు ఉండాల్సింది. 2015లో దేశమంతా ఉజాలా పేరుతో ఎల్‌ఈడీ బల్బులు పంచడం మొదలుపెట్టినాక ఆ ఆదా ముందే అయిపోయింది. దీపం ఆర్పమని పిల్లల మీద కేకలేసే అలవాటు మాత్రం పోలేదు. అది బిల్లు కోసం కాదని నాకు ఇప్పుడే అర్థమవుతోంది.

మరి దీన్ని ఇంట్లో పెట్టుకోవడం దండగా? కాదు. ఆ రైతు మాట దగ్గరికి రండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుకు 12 లక్షల మంది పోయారని పరిశోధకులు లెక్కగట్టారు. అందులో ఆంధ్ర వాటా చిన్నది కాదు. చాలా మరణాలు పల్లెల్లో, ఇంటి దగ్గరా ఇంటి చుట్టుపక్కలా. మాది పేరుకు మునిసిపాలిటీ గానీ, పెరటి గోడ అవతల పొలాలే. రక్తపింజర పొద్దు గూకినాక తిరుగుతుంది. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకే వస్తుంది. పెరటి వసారాలో సెన్సారు పెట్టినప్పుడు అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పాము వస్తే వెలుగుతుందా?"

వెలగదు. పాముకు సొంత వేడి లేదు, నేల ఎంత చల్లనో అదీ దాదాపు అంతే. గోడ మీది బల్లీ అంతే. పిల్లి పోతే వెలుగుతుంది, ఎలుకకూ ఒక్కోసారి వెలుగుతుంది, పాము మాత్రం ఆ కంటికి నేలలో కలిసిపోయి ఉంటుంది. కానీ వెలగాల్సింది పాము వచ్చినప్పుడు కాదు, మన కాలు గడప దాటినప్పుడు. చెంబు పట్టుకొని మగతగా లేచిన మనిషి గోడ తడుముకుంటూ స్విచ్చి దాకా పోయే ఆ నాలుగడుగులే ప్రమాదం. ఆ నాలుగడుగులకు ముందే వెలుగు రావాలి. అక్కడ ఈ డబ్బీ నూటికి నూరుపాళ్లు పనికొస్తుంది. నడిజాముకు గోడలు చల్లబడి ఉంటాయి, మనిషి కదులుతూ ఉంటాడు, అడ్డంగానే పోతాడు. దానికి కావలసినవన్నీ ఆ వేళకు అమరుతాయి. వసారాలోనూ మెట్ల కాడా దాన్ని ఉంచింది అందుకే. అమ్మ కూడా ఆ రెండు స్విచ్చిల జోలికి పోవడం మానేసింది. టేపుకు లొంగని మనిషి పాము భయానికి లొంగింది.

సంధ్యవేళ సంగతి వేరు. మా వైపు ఇళ్లలో ఇప్పటికీ ఒక పద్ధతి ఉంది. పొద్దు గూకగానే ముందు గదిలో ట్యూబులైటు వేసి, అది రెండుసార్లు మిణుకుమని వెలగ్గానే దానికో దండం పెట్టుకుంటారు. దేవుడి గదిలో దీపం తర్వాత వెలిగిస్తారు, ముందు ట్యూబులైటుకే దండం. చదువుకున్నవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకుంటూనే పెడతారు. మనం అడుగు పెట్టేసరికే దీపం వెలిగి ఉంటే, చేతులు జోడించే ఆ క్షణం ఎక్కడుంటుంది? ముందు గదికి పాత స్విచ్చి వచ్చాక ఆ పద్ధతి మళ్లీ సాగుతోంది. పూజగదిలో పెట్టమని మేనల్లుడు కూడా అనలేదు. వాడికి ఆ మాత్రం తెలుసు.

ఈ మధ్య వాడు ఇంకో రకం గురించి చెబుతున్నాడు. వేడిని కాకుండా రాడారుతో చూసేది. 24 గానీ 60 గానీ గిగాహెర్ట్జ్ తరంగాన్ని గదిలోకి పంపి, తిరిగొచ్చేదాన్ని విని, ఊపిరికి ఛాతీ పొంగే మిల్లీమీటర్లను కూడా పట్టేస్తుందట. పూలు కట్టే మనిషి దానికి కనబడుతుంది. మే నెల వేడితో దానికి పని లేదు. అంతా బాగానే ఉంది గానీ, ఎవరు ఏ గదిలో ఎంతసేపు పడుకున్నారో, ఎన్నిసార్లు లేచారో లెక్క తెలిసిన వస్తువు అది. ఆ లెక్క ఇంటి గోడల్లోనే ఉంటుందా, ఏ దేశపు కంప్యూటరుకో చేరుతుందా అన్నది కొనేవాడు చూసుకోవాలి. వేడిని చూసే పాత డబ్బీకి ఎవరైనదీ తెలీదు, ఎంతమందైనదీ తెలీదు, ఏదో కదిలిందని తప్ప. అంత తెలివితక్కువదాన్నే నేను ఇంట్లో పెట్టుకుంటాను.

మా వీధి చివర మరమగ్గాలు నడిపే ఆయన ఒకరోజు మా మెట్ల కాడ దీపం వెలగడం చూసి నిలబడిపోయాడు. చీరల నేతలో తలపండిన మనిషి. డబ్బీ పనితీరు అంతా అడిగి తెలుసుకున్నాడు. ఆయనకు ఇందులో కొత్తేమీ కనబడలేదు, ఎందుకంటే ఆయన మగ్గంలో ఇంతకంటే పాతది ఒకటుంది. పేక తెగితే మగ్గాన్ని ఆపే ఫోర్కు. నాడె ఇంకో కొసకు పోయి తిరిగి వచ్చినప్పుడల్లా, అంచు దగ్గర ఉన్న చిన్న ముళ్ల ఫోర్కు నూలు ఉందా లేదా అని తడిమి చూస్తుంది. నూలుంటే అది ముళ్లను వెనక్కి తోస్తుంది, కొక్కెం పైకి లేస్తుంది, మగ్గం ఆడుతుంది. నూలు తెగిపోతే ముళ్లు జాలీలోంచి ఖాళీగా దూరిపోతాయి, కొక్కెం తగులుకుంటుంది, హ్యాండిలు ఎగిరి మగ్గం నిలబడిపోతుంది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు, ఉత్త ఇనుము. 1840ల్లో లంకాషైర్ మగ్గాలతోనే వచ్చిన ఉపాయం. జపాన్‌లో సకీచి టొయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గానికి ప్రాణం కూడా ఇదే, తప్పు జరగ్గానే తనంతట తాను ఆగడం. ఆ మగ్గం హక్కులు 1929లో ఇంగ్లండు కంపెనీకి అమ్మగా వచ్చిన డబ్బుతో ఆయన కొడుకు కార్ల పని మొదలుపెట్టాడని చెబుతారు. టొయోటా కథ నూలు పోగు దగ్గర మొదలైందని మా ఊళ్లో చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు.

"మా షెడ్లో పెట్టచ్చునా అన్నా ఇది?" అన్నాడాయన.

పనికిరాదన్నాను. రేకుల కింద ఆ వేడికి దానికి ఏమీ అగుపడదు, పైగా మనిషి కదిలినా కదలకపోయినా రాత్రంతా అక్కడ వెలుగు ఉండాల్సిందే గదా.

"మనిషికి గాదన్నా నేనడిగేది. రేత్రి ఒక్కడే ఇన్ని మగ్గాలు చూసుకుంటా ఉంటాడు. ఒకటి నిలబడిపోతే మిగతావాటి చప్పుడులో వాడికి తెలీదు. తిరిగి తిరిగి దాని కాడికి వచ్చేసరికి అర్ధగంట పోతాది. ఆగిన మగ్గం మింద లైటు వెలగాల. ఆడేదాని మింద గాదు."

పెద్ద మిల్లుల్లో కొత్త మగ్గాలకు అట్లాంటి దీపం ముందే ఉంటుంది, పోగు తెగి నిలబడగానే పైన ఎర్రగా వెలుగుతుంది. ఈ పాత మగ్గానికి కూడా పెట్టచ్చు. ఫోర్కు లాగినప్పుడు హ్యాండిలు ఎగిరే చోట ఒక చిన్న స్విచ్చి, దానికో దీపం, అంతే. సెన్సారు అక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు. ఎలక్ట్రీషియన్‌కు చెబితే ఒక మగ్గానికి పెట్టి చూపిస్తాడని అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "నూలు దుమ్ముకు ఆ స్విచ్చి ఎన్నాళ్లుంటుంది?" అని అడిగాడు. అది నేను ఎలక్ట్రీషియన్ని అడిగి చెప్పాలి.